రెండో వయొలిన్ కుర్చీ నుంచి: నార్డిక్ స్వరకర్తల తొలి స్ట్రింగ్ క్వార్టెట్లు

నార్వే, డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్ స్వరకర్తలు పంతొమ్మిదో శతాబ్దపు చివరి ముప్పై అయిదేళ్లలో రాసిన స్ట్రింగ్ క్వార్టెట్ల గురించి ఏ పరిచయ వ్యాసం చదివినా మంచు, సముద్రపు పాయలు, చీకటి అడవులు, పల్లెటూరి నాట్యాలు ముందుగా ఎదురవుతాయి. ఈ వర్ణన పూర్తిగా అబద్ధమని నేను అనను. కానీ ఆ సంగీతాన్ని ప్రకృతి దృశ్యంగా వినడానికి అలవాటు పడ్డ చెవికి ఆ రచనల్లో అన్నిటికంటే విలువైన సంగతి అందకుండా పోతోందని చాలాకాలంగా నాకు అనిపిస్తోంది. ఆ సంగతి రాసినవాళ్ల వృత్తికి సంబంధించినది. నార్వేకు చెందిన యోహాన్ స్వెన్సెన్, డెన్మార్క్‌కు చెందిన కార్ల్ నీల్సెన్, ఫిన్లాండ్‌కు చెందిన యాన్ సిబేలియస్ ముగ్గురూ వయొలిన్ వాద్యకారులు. వారిలో చివరి ఇద్దరూ తమ యవ్వనంలో రెండో వయొలిన్ కుర్చీలో కూర్చుని వాయించినవాళ్లు. వాళ్ల తొలి క్వార్టెట్లు ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి సంగీతం ఎలా వినిపిస్తుందో అలా కట్టిన రచనలు కాబట్టి వాటిని మధ్యనుంచే వినాలన్నది నా వాదన.

క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. సాధారణంగా పాట మొదటి వయొలిన్ చేతిలో ఉంటుంది, పునాది చెల్లో చేతిలో ఉంటుంది. ఈ రెండింటి మధ్య ఉన్న రెండో వయొలిన్, వయోలా ఏం చేస్తున్నాయో బయట కూర్చున్నవాళ్లకు తేలిగ్గా తెలియదు. హార్మనీ, అంటే ఒకేసారి మోగే స్వరాల కూడిక, ఏ వైపుకు తిరగబోతోందో ముందుగా సూచించేది, లయను లోపలినుంచి నడిపేది, పాట ఒక వాద్యం నుంచి ఇంకో వాద్యానికి చేరేటప్పుడు మధ్యలో జారిపోకుండా అందుకునేది ఆ ఇద్దరే. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో ఒకే రాగధారగా పలికిన వాద్యం కూడా ఈ వయొలినే. ఆ సంప్రదాయాన్ని వింటూ పెరిగిన చెవి క్వార్టెట్‌లోనూ సహజంగా మొదటి వయొలిన్‌నే వెతుక్కుని దాని వెంట నడుస్తుంది. నా చెవికీ ఆ అలవాటే ఉండేది. దాన్ని మధ్య స్వరాల వైపు తిప్పింది వియన్నా పెద్దలైన హైడన్, బేతోవెన్‌ల కంటే ఎక్కువగా నీల్సెన్ తొలి క్వార్టెట్లే. అందువల్ల ఈ వ్యాసంలో ఆయన వాటా ఎక్కువగా ఉంటుంది.

అయితే ముందుగా నార్వే స్వరకర్త ఎడ్వర్డ్ గ్రీగ్‌ని దాటాలి. ఉత్తరాది క్వార్టెట్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆయన 1877, 1878 సంవత్సరాల్లో రాసిన జి మైనర్ క్వార్టెట్, ఓపస్ 27 (జి మైనర్ అనేది రచన శ్రుతి, ఓపస్ అనేది స్వరకర్త రచనలకు ఇచ్చే వరుస సంఖ్య). నార్వే పశ్చిమ తీరంలో హార్డాంగర్ ప్రాంతపు లోఫ్ట్‌హుస్ అనే ఊళ్లో, నీటి ఒడ్డున ఉన్న చిన్న గుడిసెలో కూర్చుని ఆయన దీన్ని పూర్తి చేశాడు. నార్వే నాటకకర్త ఇబ్సెన్ కవితకు తాను అంతకుముందు కట్టిన ఒక పాట నుంచి చిన్న స్వరవాక్యాన్ని తీసుకుని రచనలోని నాలుగు మూవ్‌మెంట్లలోనూ, అంటే భాగాల్లోనూ, దాన్నే తిప్పి తిప్పి వాడాడు. 1878 అక్టోబరులో కొలోన్‌లో రాబర్ట్ హెక్‌మన్ బృందం తొలిసారి వాయించిన ఈ రచనకు ఐరోపా సంగీతంలో గొప్ప చోటే దక్కింది. పదిహేనేళ్ల తర్వాత 1893లో ఫ్రెంచ్ స్వరకర్త డెబుస్సీ రాసిన ఏకైక క్వార్టెట్ అదే జి మైనర్‌లో, ఒకే స్వరవాక్యాన్ని అన్ని భాగాల్లోనూ తిప్పే అదే పద్ధతిలో నడవడం కాకతాళీయమని నేను అనుకోను. చాలామంది సంగీత చరిత్రకారులు కూడా ఈ పోలికను ప్రస్తావించారు.

ఈ రచన మీద నాకు గౌరవం ఉంది. కానీ దీన్ని మిగతా నార్డిక్ క్వార్టెట్లకు కొలబద్దగా పెట్టడం వల్ల చాలా నష్టం జరిగింది. గ్రీగ్ పియానో మనిషి. జర్మనీలోని లైప్‌జిగ్ కన్జర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, చదువుకునే రోజుల్లో, తంతివాద్యాల గురించి ఏమీ నేర్పకుండానే తన గురువు రైనెకె ఒక క్వార్టెట్ రాసుకు రమ్మన్నాడని ఆయనే తర్వాత గుర్తు చేసుకున్నాడు. అప్పుడు రాసిన డి మైనర్ క్వార్టెట్ నేడు దొరకడం లేదు. ఓపస్ 27 వినేటప్పుడు ఆ పియానో చేతులు నాకు స్పష్టంగా వినిపిస్తాయి. నాలుగు వాద్యాలూ ఒకే లయలో, ఒక్కొక్కటీ రెండేసి తీగల మీద కమాను వేసి, పది వేళ్లు ఒకేసారి పియానో మెట్ల మీద పడ్డట్టు మోగుతాయి. ఆ రెండు తీగల వాడకం అతిగా ఉందని లైప్‌జిగ్‌లో ఆయన ప్రచురణకర్తలైన పీటర్స్ సంస్థ వెనకాడింది, చివరికి 1879లో ఫ్రిట్ష్ అనే వేరే ప్రచురణకర్త దాన్ని అచ్చు వేశాడు. గ్రీగ్ ఒక స్నేహితుడికి రాస్తూ తాను కోరుకున్నది విశాలత, ఊహ, ముఖ్యంగా వాద్యాల నుంచి నిండైన నాదం అని చెప్పుకున్నాడు. అది ఆయన సాధించాడు. అయితే ఆ నాదంలో మధ్యవాళ్లకు స్వతంత్రమైన మాట తక్కువ, సమూహంలో ఒకరుగా బలం చేకూర్చడమే వాళ్ల పని. దీన్ని లోపంగా కాక, ఈ రచన స్వభావంగా చెబుతున్నాను. కానీ ఇదే స్వభావం నీల్సెన్‌లోనూ సిబేలియస్‌లోనూ ఉంటుందని ఎదురుచూసే శ్రోతకు వాళ్ల తొలి రచనలు పలచగా, బడిపిల్లల పనిగా కనిపిస్తాయి. ఇంకో సంగతి కూడా చెప్పాలి: అచ్చమైన నార్వే సంగీతంగా చెప్పుకునే ఈ క్వార్టెట్ చివరి మూవ్‌మెంట్ సాల్టరెల్లో, అంటే ఇటలీ నాట్యం. ఆ విషయం గ్రీగ్ స్వరపత్రం మీదే రాశాడు. ప్రకృతి దృశ్యం వెతికేవాళ్లు దాన్ని కూడా హార్డాంగర్ కొండల్లోకే చేర్చుకుంటారు.

గ్రీగ్ కంటే పన్నెండేళ్ల ముందే, ఆయన సాటి నార్వే మనిషి యోహాన్ స్వెన్సెన్ 1865లో తన మొదటి రచనగా ఎ మైనర్ క్వార్టెట్‌ని లోకానికి ఇచ్చాడు. సైనిక బ్యాండు వాద్యకారుడి కొడుకు, చిన్నతనం నుంచి వయొలిన్‌తో పాటు ఇతర వాద్యాలూ వాయిస్తూ పొట్టపోసుకున్నవాడు. లైప్‌జిగ్‌కి కూడా ఫెర్డినాండ్ డేవిడ్ దగ్గర వయొలిన్ నేర్చుకోవడానికే వెళ్లాడు. చేతికి వచ్చిన ఇబ్బంది వల్ల వాద్యకారుడిగా ఎదగలేక స్వరరచన వైపు తిరిగాడు. ఓపస్ 1 క్వార్టెట్, మరుసటి ఏడాది ఎనిమిది తంతివాద్యాలకు రాసిన ఓపస్ 3, ఆ తర్వాత ఏడాది అయిదు వాద్యాలకు రాసిన ఓపస్ 5, ఈ మూడూ చదువుకునే రోజుల్లోనే పూర్తయ్యాయి. జర్మన్ స్వరకర్త మెండెల్‌సన్ నీడ వాటి మీద ఉంది. ఆయన స్థాపించిన కన్జర్వేటరీలో కూర్చుని రాసిన కుర్రవాడి మీద ఆ నీడ లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. కానీ ఆ క్వార్టెట్‌లో ఏ వాద్యకారుడికీ తన చేతికి ఇబ్బందైన మాట ఉన్నట్టు అనిపించదు, ఎవరూ ఊరికే లెక్కపెడుతూ కూర్చున్నట్టూ అనిపించదు. చేతి ఇబ్బంది వల్ల వయొలిన్ వదిలిపెట్టాల్సిన మనిషి నలుగురు వాద్యకారుల చేతులకు అంత సుఖమైన సంగీతం రాయడం నన్ను ప్రతిసారీ కదిలిస్తుంది. ఈ స్వెన్సెన్ 1883లో కోపెన్‌హాగన్ వెళ్లి రాయల్ థియేటర్ వాద్యబృందాన్ని ముందు నిలబడి నడిపే కండక్టర్ అయ్యాడు. ఆరేళ్ల తర్వాత, 1889లో, అదే బృందంలో రెండో వయొలిన్ల వరుసలో ఒక యువకుడు వచ్చి చేరాడు. అతనే కార్ల్ నీల్సెన్.

నీల్సెన్ 1865లో ఫ్యూన్ ద్వీపంలో పుట్టాడు. తండ్రి ఇళ్లకు రంగులు వేసే పనివాడు, పెళ్లిళ్లలో పండగల్లో వయొలిన్, కార్నెట్ వాయించేవాడు, కొడుకుని కూడా వెంట తీసుకువెళ్లేవాడు. పద్నాలుగో ఏట ఓడెన్సె పట్టణంలో సైనిక బ్యాండులో చేరిన కార్ల్, డ్యూటీ లేని వేళల్లో తోటివాళ్లతో కలిసి క్వార్టెట్లు వాయించేవాడు. స్వరరచన మీద పద్ధతి ప్రకారం ఒక్క పాఠం కూడా చెప్పించుకోకముందే 1882, 1883లో డి మైనర్‌లో ఒక క్వార్టెట్ రాసి, దాన్ని పట్టుకుని కోపెన్‌హాగన్‌లో నీల్స్ గాదె దగ్గరికి వెళ్లాడు. గాదె అప్పుడు డెన్మార్క్ సంగీతానికి పెద్దదిక్కు, కన్జర్వేటరీ అధిపతి. అందులోని నెమ్మదైన మూవ్‌మెంట్‌ని చూసి ఈ అబ్బాయికి రూపం తెలుసని మెచ్చుకున్నాడు. 1884 నుంచి నీల్సెన్ కన్జర్వేటరీలో వయొలిన్ విద్యార్థి. ఆ డి మైనర్ రచన హైడన్, మోత్సార్ట్‌ల ఒరవడి దిద్దిన పని, దాన్ని గొప్ప రచన అనను. కానీ రూపం గురించి గాదె గుర్తించిన జ్ఞానం పుస్తకాల్లోంచి వచ్చినది కాదనీ, ఓడెన్సె బ్యారక్‌లలో వాయించిన క్వార్టెట్లలోంచి వచ్చినదనీ నేను నమ్ముతున్నాను.

1887, 1888 సంవత్సరాల్లో రాసిన జి మైనర్ క్వార్టెట్ దగ్గరకు వచ్చేసరికి మనిషి మారిపోయాడు. మొదటి మూవ్‌మెంట్‌లోని ఊపు, మూడో మూవ్‌మెంట్ నడుమ చెల్లో పట్టిన శ్రుతి మీద సాగే పల్లెటూరి నడక, వీటి గురించి అందరూ రాస్తారు. నేను మాట్లాడదలచుకున్నది చివరి మూవ్‌మెంట్ గురించి. ముగింపుకు కాస్త ముందు నీల్సెన్ స్వరపత్రం మీద రెజ్యుమె, అంటే సారాంశం, అని రాసి, మొదటి, మూడో మూవ్‌మెంట్ల స్వరవాక్యాలను వెనక్కి పిలిచి, ప్రస్తుత మూవ్‌మెంట్ వాక్యంతో కలిపి ఒకదాని మీద ఒకటి పేరుస్తాడు. కౌంటర్‌పాయింట్, అంటే వేర్వేరు పాటలను ఒకేసారి నడిపే నేర్పు, దాని ప్రదర్శనగా దీన్ని కొందరు తేలిక చేశారు. కానీ ఆ చోటు వినేటప్పుడు ఏ వాక్యం ఏ వాద్యంలో ఉందో పట్టుకుని చూడండి. పైన వాయించేవాడికి అక్కడ తన పాట ఒక్కటే వినిపిస్తుంది, మధ్యలో కూర్చున్నవాడికి మూడూ రెండు చెవుల్లోకి ఒకేసారి వచ్చి పడతాయి. ఆ అనుభవాన్ని శ్రోతకు కూడా ఇవ్వాలన్న కోరికే ఆ చోట నాకు వినిపిస్తుంది.

ఈ క్వార్టెట్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దీనికి మొదటి క్వార్టెట్ అని సంఖ్య ఉన్నా ఓపస్ మాత్రం 13, దీని తర్వాత రాసిన ఎఫ్ మైనర్ క్వార్టెట్‌కి సంఖ్య రెండు, ఓపస్ 5. కారణం ఏమిటంటే జి మైనర్‌ని నీల్సెన్ దాదాపు పదేళ్లు బీరువాలో ఉంచి, ఆ తర్వాత మళ్లీ చేతిలోకి తీసుకుని సరిదిద్ది, 1900లో అచ్చు వేశాడు, దాన్ని స్వెన్సెన్ అరవయ్యో పుట్టినరోజుకు అంకితమిచ్చాడు. కాబట్టి నేడు మనం వినేది ఇరవై మూడేళ్ల యువకుడి రచన మీద ముప్పై దాటిన మనిషి చేయి పడిన రూపం. ఆ మధ్యకాలమంతా ఆయన రాయల్ థియేటర్‌లో రెండో వయొలినే వాయిస్తున్నాడు, 1905 దాకా ఆ ఉద్యోగం వదల్లేదు. వాగ్నర్ ఒపేరాల నుంచి బాలేల దాకా రాత్రికి రాత్రి మధ్య స్వరాలు వాయించిన ఆ పదహారేళ్లు ఆయన చదివిన అసలు బడి అని నా నమ్మకం. ఆ బృందాన్ని నడిపిన స్వెన్సెన్‌కే ఈ క్వార్టెట్ దక్కడం ఎంతో సముచితంగా ఉంది.

ఎఫ్ మైనర్ క్వార్టెట్ నాకు ఇంకా ఇష్టం. 1890లో ఒక ఉపకార వేతనం మీద జర్మనీ వెళ్లిన నీల్సెన్ అక్కడే దీన్ని పూర్తి చేసి, బెర్లిన్‌లో యోసెఫ్ యోఆఖీమ్‌కు వినిపించాడు. ఆయన జర్మన్ స్వరకర్త బ్రామ్స్ స్నేహితుడు, ఆ కాలంలో క్వార్టెట్ వాదనకు ప్రమాణంగా నిలిచిన మనిషి. తన గురువు ఓర్లా రోజెన్‌హోఫ్‌కు నీల్సెన్ రాసిన లేఖ ప్రకారం, యోఆఖీమ్ ఆ రచనలోని ఊహను మెచ్చుకుంటూనే కొన్ని చోట్లు భయంకరంగా ఉన్నాయనీ, వాటిని తిరగరాయమనీ సలహా ఇచ్చాడు. అలా మారిస్తే రచన స్వభావమే పోతుందని యువకుడు అన్నప్పుడు, బహుశా నేను పాతకాలపు మనిషినేమో, మీకు అలాగే అనిపిస్తే మీరు అలాగే రాయండి అన్నాడు పెద్దాయన. ఈ సంభాషణలో ఇద్దరి మీదా నాకు గౌరవం కలుగుతుంది. యోఆఖీమ్‌కు కటువుగా తోచినవి బహుశా హార్మనీ ఉన్నట్టుండి దూరపు శ్రుతుల్లోకి జారే చోట్లు అయి ఉంటాయి. అవి మొదటి వయొలిన్ వెంట నడిచే చెవికి నిజంగానే అర్థం కావు, పాట సాఫీగా వెళుతూ వెళుతూ ఎందుకో దారి తప్పినట్టు ఉంటుంది. అదే చోట రెండో వయొలిన్‌నూ వయోలానూ పట్టుకుని వినండి: నాకు వినిపించినంతలో ఆ మలుపుల్లో చాలావాటికి కారణం లోపలి స్వరాల్లో ఏదో ఒకటి అర్ధస్వరం మేర కదలడమే. కదలిక లోపల మొదలవుతుంది, పై పాట దానికి లోబడి పక్కకు ఒరుగుతుంది. మొదటి వయొలిన్ వాద్యకారుల్లో ఆ తరంలోనే గొప్పవాడైన యోఆఖీమ్‌కు అది కొత్తగా తోచడంలో వింత లేదు.

మూడో క్వార్టెట్, ఇ ఫ్లాట్ మేజర్, ఓపస్ 14 వెనక ఉన్న కథ ఎంతగానో చెప్పుకునేదే అయినా ఇక్కడ ఒక్క మాట అవసరం. సైకిల్ మీద స్వరపత్రం తీసుకుని నకలు రాసేవాళ్ల దగ్గరికి వెళుతున్న నీల్సెన్, దారిలో పడిపోయిన గుర్రాన్ని లేపడానికి సాయం చేస్తూ ఆ కాగితాల చుట్టను పక్కనున్న కుర్రవాడి చేతికి ఇచ్చాడు. తిరిగి చూసేసరికి కుర్రవాడు లేడు, కాగితాలూ లేవు. చిత్తు రాతల సాయంతో, జ్ఞాపకంతో మళ్లీ మొత్తం రాశాడు. పాటను గుర్తు పెట్టుకోవడం ఏ సంగీతకారుడికైనా చేతనవుతుంది. నాలుగు గొంతుకలూ ఒకదానికొకటి అల్లుకుపోయిన రచనను మళ్లీ నిలబెట్టాలంటే వాటిలో ప్రతిదాన్నీ లోపలినుంచి ఎరిగి ఉండాలి.

సిబేలియస్ కూడా 1865లోనే పుట్టాడు, కానీ ఆయన తొలి క్వార్టెట్ల గతి వేరు. హామేన్‌లిన్నా పట్టణంలో సైనిక బ్యాండు నాయకుడి దగ్గర వయొలిన్ మొదలుపెట్టి, ఇంట్లో పియానో వాయించే అక్క, చెల్లో వాయించే తమ్ముడితో కలిసి త్రయంగా వాయిస్తూ పెరిగాడు. 1885లో ఇ ఫ్లాట్ మేజర్ క్వార్టెట్ రాసినప్పటికి ఆయనకు ఇంకా ఇరవై నిండలేదు. అది వియన్నా పెద్దల మర్యాదను శ్రద్ధగా పాటించిన రచన. హెల్సింకీలో న్యాయశాస్త్రం చదువుకంటూ వెళ్లి, మార్టిన్ వేగేలియుస్ స్థాపించిన సంగీత సంస్థలోనే ఉండిపోయాడు. ఆ సంస్థ క్వార్టెట్‌లో రెండో వయొలిన్ వాయించాడు. 1889 మే నెలాఖరున, చదువు ముగిసే వేళ, అక్కడి కచేరీలో ఆయన ఎ మైనర్ క్వార్టెట్ వినిపించారు. విమర్శకుడు కార్ల్ ఫ్లోడిన్, ఫిన్లాండ్ సంగీతపు జెండా మోసేవాళ్లలో ఈ యువకుడు ఒక్కసారిగా ముందు వరుసలోకి వచ్చేశాడని రాశాడు. అప్పుడు అక్కడే పియానో నేర్పుతున్న బుసోనీ కూడా దాన్ని మెచ్చుకున్నాడు. ఆ శరదృతువులో సిబేలియస్ బెర్లిన్ వెళ్లి, మరుసటి ఏడాది బి ఫ్లాట్ మేజర్ క్వార్టెట్, ఓపస్ 4 పూర్తి చేశాడు.

ఇంత మెప్పు పొందిన ఈ రచనలు ఆయన జీవితకాలంలో అచ్చు కాలేదు. ఎ మైనర్ క్వార్టెట్ చాలాకాలం పాటు ఒక్క మొదటి వయొలిన్ భాగంగానే మిగిలింది. 1982లో సిబేలియస్ కుటుంబం పెద్ద ఎత్తున ఆయన రాతప్రతులను హెల్సింకీ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చిన తర్వాతే ఆ తొలినాళ్ల సంగీతం అంతా లోకానికి తెలిసింది. మొదటి వయొలిన్ భాగం ఒక్కటే మిగిలిన క్వార్టెట్‌ని ఊహించుకుంటే నా వాదన ఎంత అవసరమో నాకే తెలుస్తుంది. ఆ ఒక్క కాగితాన్ని బట్టి దీన్ని సౌమ్యమైన, కాస్త వియన్నా ధోరణి ఉన్న విద్యార్థి రచన అనుకోవచ్చు. మిగతా మూడు గొంతుకలు కూడి వచ్చాక, ముఖ్యంగా నెమ్మదైన మూవ్‌మెంట్‌లో, ఒక స్వరాన్ని మిగతావాళ్లు అలాగే పట్టుకుని ఉండగా దాని కింద రంగు మెల్లగా మారిపోయే తీరు వినిపిస్తుంది. తర్వాతి సింఫనీల్లో పదుల కొద్దీ తంతివాద్యాలతో ఆయన సాధించిన నిశ్చలత్వానికి నాలుగు వాద్యాల మీద జరిగిన మొదటి ప్రయత్నం అదే అని నా నమ్మకం. ఓపస్ 4 లోని ప్రెస్టో అనే వేగమైన భాగాన్ని ఆయనే 1894లో తంతివాద్యాల బృందానికి మార్చి రాసుకున్నాడు కూడా, అంటే ఆ దారి ఉందని ఆయనకు తెలుసు.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది, దాన్ని తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. స్వరకర్తే పక్కన పెట్టిన రచనను మనం బయటికి తీయడం న్యాయమేనా? సిబేలియస్ తన పరిపక్వ క్వార్టెట్‌గా ఒప్పుకున్నది 1909 నాటి డి మైనర్ రచన వోకెస్ ఇంటిమే, ఓపస్ 56 ఒక్కటే, తొలినాటి మూడింటినీ మూట కట్టేశాడు. స్వరకర్త తీర్పును గౌరవించాలనే మాటకు నేను విలువ ఇస్తాను. కానీ ఆ తీర్పు ఏ ఆధారం మీద వచ్చిందో చూడాలి. 1892లో ఫిన్లాండ్ వీరగాథ మీద కట్టిన కుల్లెర్వో అనే రచన తర్వాత సిబేలియస్‌ను దేశం తన వీరగాథల గాయకుడిగా ఎంచుకుంది, ఆయన కూడా ఆ పాత్రను స్వీకరించాడు. ఆ పాత్రలో ఇమడని సంగీతం, వియన్నా పెద్దల క్వార్టెట్లు వాయిస్తూ నేర్చిన సంగీతం, ఆ మనిషికి పనికిరానిదిగా తోచి ఉండాలి. ప్రకృతి దృశ్యంగా వినే అలవాటు మన చెవుల్లోనే కాక స్వరకర్తల మనసుల్లో కూడా చోటు చేసుకుందనడానికి నాకు ఇది గుర్తుగా కనిపిస్తుంది. ఆయన రాతప్రతులను తగలబెట్టలేదు కదా. తన ఎనిమిదో సింఫనీ కాగితాలను మంటల్లో వేసిన మనిషి ఈ తొలి క్వార్టెట్లను మాత్రం ఉంచుకున్నాడు.

స్వీడన్ విషయానికి వస్తే నా వాదనకు ఒక చిక్కు ఎదురవుతుంది. 1871లో పుట్టిన విల్హెల్మ్ స్టెన్‌హామర్ పియానో వాద్యకారుడు. స్వరరచన చాలావరకు తనంతట తానే నేర్చుకున్నాడు. అయినా 1894లో రాసిన సి మేజర్, ఓపస్ 2 నుంచి మొదలుపెట్టి 1916 దాకా ఆరు క్వార్టెట్లు అచ్చు వేశాడు, 1897లో రాసిన ఎఫ్ మైనర్ క్వార్టెట్ ఒకదాన్ని ఉపసంహరించుకున్నాడు. క్వార్టెట్‌లో కూర్చుని వాయించని మనిషికి ఈ చనువు ఎక్కడిది? దానికి జవాబు టోర్ ఔలిన్. వయొలిన్ వాద్యకారుడైన ఔలిన్ 1887లో స్థాపించిన క్వార్టెట్‌తో స్టెన్‌హామర్ ఏళ్ల తరబడి స్వీడన్ అంతా తిరిగి కచేరీలు చేశాడు. పియానోతో కూడిన రచనలు వాయిస్తూ, మిగతా వేళ వాళ్ల సాధన పక్కనే కూర్చుని విన్నాడు. గ్రీగ్‌కి లేనిది, స్టెన్‌హామర్‌కి దొరికింది ఇదే: రాసినదాన్ని మర్నాడే నలుగురి చేతిలో పరీక్షించుకునే వీలు. ఓపస్ 2లో బేతోవెన్, బ్రామ్స్ పాఠాలు ఇంకా కొంత బయటికి కనిపిస్తాయి. రెండేళ్ల తర్వాతి సి మైనర్, ఓపస్ 14లో మధ్య స్వరాలు సొంతంగా మాట్లాడడం మొదలుపెట్టాయి. ఉపసంహరించుకున్న ఎఫ్ మైనర్ నేడు రికార్డింగుల్లో వినవచ్చు. అది తడబడే రచనే, కానీ ఆ తడబాటు లేకుండా 1900లో పూర్తయిన ఎఫ్ మేజర్, ఓపస్ 18 వచ్చేది కాదనుకుంటాను. సిబేలియస్‌కి అంకితమిచ్చిన నాలుగో క్వార్టెట్ అప్పటికి ఇంకా చాలా దూరంలో ఉంది. కాబట్టి నా వాదనను ఇలా సవరించుకుంటాను: రెండో వయొలిన్ కుర్చీలో స్వయంగా కూర్చోవడం తప్పనిసరి కాదు, ఆ కుర్చీకి దగ్గరగా బతకడం తప్పనిసరి.

ఈ సవరణకు నన్ను తీసుకొచ్చింది నిజానికి స్టెన్‌హామర్ కంటే ఎక్కువగా టోర్ ఔలిన్ అక్క వాల్బోర్గ్ ఔలిన్. 1860లో పుట్టిన ఆమె కూడా పియానో వాద్యకారిణే. 1884లో ఎఫ్ మేజర్‌లో ఒక క్వార్టెట్, కోపెన్‌హాగన్‌లో గాదె దగ్గరా ఆ తర్వాత పారిస్‌లోనూ చదువుకుని వచ్చాక 1889లో ఇ మైనర్‌లో ఇంకొకటి రాసింది. రెండోదాన్ని తమ్ముడి బృందమే వాయించింది. నీల్సెన్ జి మైనర్‌కి, సిబేలియస్ ఎ మైనర్‌కి సమకాలీనమైన ఆ ఇ మైనర్ క్వార్టెట్‌ని వాటి పక్కన పెట్టి వింటే, నలుగురికీ మాట పంచడంలో ఆమె ఎవరికీ తీసిపోలేదని తెలుస్తుంది. స్కెర్జోలో, అంటే చురుకైన నడక ఉన్న మూవ్‌మెంట్‌లో, వాద్యాలు ఒకదాని మాట ఒకటి అందుకునే వేగం నాకు నీల్సెన్ స్కెర్జో కంటే కూడా నచ్చుతుంది. అయితే ఆమెకు నీల్సెన్‌కి దొరికిన ఉద్యోగం దొరికే అవకాశం లేదు, సిబేలియస్‌కి దొరికినట్టు విదేశం నుంచి వచ్చాక ఎదురుచూసే దేశమూ లేదు. 1903లో ఓరెబ్రో పట్టణానికి వెళ్లి పాఠాలు చెప్పుకుంటూ బతికింది, రచన దాదాపు ఆగిపోయింది. ప్రకృతి దృశ్యాల కోసం వెతికే చరిత్రలో ఆమెకు చోటు దొరకలేదు, ఎందుకంటే ఆమె సంగీతంలో కొండలూ జలపాతాలూ లేవు. నాలుగు వాద్యాలు మాత్రమే ఉన్నాయి. క్వార్టెట్ చరిత్రకు అవి చాలవా?

వాద్యకారులు ఈ విషయంలో విమర్శకుల కంటే ముందున్నారు. నీల్సెన్ నాలుగు క్వార్టెట్లనూ చిన్న వయసులోనే రికార్డు చేసిన డానిష్ స్ట్రింగ్ క్వార్టెట్‌లో ఇద్దరు వయొలిన్ వాద్యకారులూ మొదటి, రెండో స్థానాలను మార్చుకుంటూ వాయిస్తారు. ఒక రచనలో పాట పాడినవాడే ఇంకో రచనలో మధ్యలో కూర్చుంటాడు. వాళ్ల ఓపస్ 5 వింటే పై స్వరం లోపలి స్వరాల మాట వింటున్నట్టు ఉంటుంది. కచేరీల నిర్వాహకులు మాత్రం ఉత్తరాది సాయంత్రం అనగానే ఇప్పటికీ గ్రీగ్ ఓపస్ 27, సిబేలియస్ వోకెస్ ఇంటిమే, ఈ రెండింటినే జత చేస్తారు. నాదొక విన్నపం ఉంది. స్వెన్సెన్ ఓపస్ 1, వాల్బోర్గ్ ఔలిన్ ఇ మైనర్, నీల్సెన్ ఓపస్ 5 ఒక్కొక్కటీ అరగంటకు అటూ ఇటూగా ఉంటాయి, ఒక సాయంత్రానికి సరిగ్గా సరిపోతాయి. ముగ్గురు రచయితలు, మూడు దేశాలు, పాతికేళ్ల కాలం. ఆ మూడింటినీ ఈ వరుసలోనే, ఒకే బృందం చేత, ఒకే హాల్లో వినిపించాలి. అప్పుడు శ్రోతలకు కరపత్రంలో మంచు గురించి ఏమీ రాయకుండా, రెండో వయొలిన్, వయోలా వాయించేవాళ్లు స్పష్టంగా కనబడేలా కుర్చీలు వేయాలి.